మోటారు చప్పుడు లేని ఊరేగింపు

సెప్టెంబరు నెల నడుమ నొక శుక్రవారమునాటి యుదయమున, అమెరికా సంయుక్తరాష్ట్రములకు వాయవ్యమూల నున్న ఆరెగాన్ రాష్ట్రములోని పెండిల్టన్ అను చిన్న పట్టణమున, నడివీథిలోనికి మోటారుబండి రారాదు. ఆ నిషేధము రక్షకభటుల సౌకర్యమునకై విధింపబడినది కాదు, అది యుత్సవధర్మము. ‘వెస్ట్‌వర్డ్ హో’ యని పిలువబడు ఆ యూరేగింపున సాగదగినవి మనుష్యుల కాళ్లును, జంతువుల కాళ్లును, ఆ జంతువులు లాగగల చక్రములును మాత్రమే. ఎడ్లు పూన్చిన బండ్లు, పూర్వము బాటసారులను తపాలాసంచులను ఊరినుండి ఊరికి చేరవేసిన గుఱ్ఱపుబండ్లు, వంపుబద్దలపై తెల్లని గుడ్డ కప్పిన గూడుబండ్లు, మూటలు మోయు కంచరగాడిదలు, వెండిబిళ్లలు తాపిన జీనులపై రాణివేషమున గూర్చున్న యువతులు, గ్రద్ద యీకల శిరోభూషణములు దాల్చి పూసలల్లిన ఆచ్ఛాదనముల గుఱ్ఱములపై తొట్రుపాటు లేక కదలివచ్చు ఆదివాసి పెద్దలు ఒకరివెనుక నొకరుగా వత్తురు. ఇంజనుల మ్రోత లేకపోవుటచే తోలుపట్టెల కిఱకిఱలును, ఇరుసుల మూలుగులును, తారువీథిపై గిట్టల తాకుడును దేనికది వేఱుగ వినబడును. పదునేడు వేలమంది నివసించు ఈ పట్టణమునకు ఆ వారమున యాబదివేలకు మీదుగ జనము వత్తురు. మంచిచోటు దక్కవలెనన్న ముందుగనే వచ్చి కుర్చీ వేసికొనవలసినదే.

తెలుగు పాఠకునకు ఈ వేషములు బొత్తిగా క్రొత్తవి కావు. 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వమున, ఆరుద్ర రచనతో, కృష్ణ కథానాయకుడుగా వెలువడిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ చిత్రము రాజస్థాన్ యిసుకతిన్నెలనే అమెరికా పశ్చిమమువలె జూపి మన పల్లెటూళ్ల డేరాసినిమాలవఱకు కౌబాయి టోపీని తెచ్చినది. అట్టి చిత్రములలోని పశ్చిమమునందు ధూళి కలదు, తుపాకి కలదు, పగ కలదు, నిధి కలదు. పొలము లేదు, కూలి లేదు, కోత లేదు. పెండిల్టన్ పశ్చిమమో, ముందుగా గోధుమచేల పశ్చిమము, గొఱ్ఱెలమందల పశ్చిమము. తుపాకి దానికి తరువాతిమాట. ఉత్సవము సెప్టెంబరులో వచ్చుటకు గూడ కారణమదియే. ఆగష్టుతో గోధుమకోతలు ముగియును, గాదెలు నిండును, కూలీల చేతిలో నాలుగు డబ్బులాడును, రైతునకు ఊపిరి తీసికొను తీరిక కలుగును. సంక్రాంతికి ముందు మన యిండ్లలో ధాన్యము చేరవలసినట్లే అచ్చటను పండుగకు ముందు పంట యింటికి రావలెను.

1909వ సంవత్సరపు జులై 4వ తేదీన, స్వాతంత్ర్యదినోత్సవ సందర్భమున, ఆ యూర గుఱ్ఱపుపందెములును, పొగరుగుఱ్ఱముల స్వారియు, ఆదివాసుల నృత్యములును బాణసంచాయు కలిపి యొక వేడుక జరిపిరి. అది యందరి మనస్సులకు పట్టినందున, రాయ్ రేలీ యను న్యాయవాది ముందు నిలువగా, పట్టణపు వర్తకులును పరిసరపు రైతులును గలిసి యొక సంఘముగా నేర్పడి, 1910 సెప్టెంబరు 29వ తేదీన ‘రౌండప్’ అను పేర తొలియుత్సవమును ఆరంభించిరి. నాటి తొలిదినముననే ఏడువేలమంది వచ్చిరి. అంగళ్లు మూసి వర్తకులే గంతుల గుఱ్ఱములను జూడబోయిరి. నాటినుండి నేటివఱకు, రెండవ ప్రపంచయుద్ధకాలమున 1942, 1943లలోను, మహమ్మారి కారణమున 2020లోను దప్ప, అది యాగలేదు. 1940లో కొయ్యతో గట్టిన ప్రేక్షకశాల కాలిపోయినను మరల కట్టుకొనిరి. లాభాపేక్ష లేని ఆ సంఘమున పని యధికభాగము నేటికిని స్వచ్ఛందసేవకులదే. ఇంతవఱకు చెప్పినది ఏ యూరి యుత్సవచరిత్రయైనను ఇంచుమించుగ ఇట్లే యుండును. పెండిల్టన్ ఉత్సవమును గుఱించి వ్రాయదగిన సంగతి దీనికి వెలుపల నున్నది.

ఆ పట్టణమునకు ఆనుకొనియే ఉమటిల్లా, కాయూస్, వాలావాలా అను మూడు ఆదివాసి జాతుల సమష్టి భూభాగము కలదు. 1855 జూన్ నెలలో వాలావాలా లోయయందు జరిగిన సంధివలన ఆ జాతులవారు 64 లక్షల ఎకరముల భూమిని ప్రభుత్వమునకు వదలుకొని, తమకని కొంతభాగమును మిగుల్చుకొనిరి. ఆ మిగిలినదియు పిమ్మట 1885నాటి చట్టముతో ఇంకను కుదించుకొనిపోయి, నేడు సుమారు 1,72,000 ఎకరములుగా నిలిచినది. 1843నుండి ఆరెగాన్ బాటవెంట గూడుబండ్లలో వచ్చిన వలసకుటుంబములు సాగినది ఈ భూమిమీదుగనే. ఊరేగింపులోని గూడుబండ్లు స్మరించునది ఆ రాకనే. కావున అచ్చట ఒకే వీథిలో, వచ్చినవారి బండియు, ఎవరి భూమికి వచ్చిరో వారి గుఱ్ఱమును, ఒకదాని వెనుక నొకటి నడచును. ఇది స్నేహమని కొందఱును, అభినయమని కొందఱును అందురు. నాకు మాత్రము ఈ యుత్సవమున జూడదగిన దేదైన నున్నచో అది ఈ ఎడతెగని యెదురుపాటేయని తోచును. అన్యాయము పొందినవారు ఊరేగింపును విడిచి పోలేదు. పోలేదు గనుకనే ఆ యూరేగింపు నేటికిని కేవలమొక విజయోత్సవము కాలేకపోయినది.

ఆదివాసులు ఈ యుత్సవమునకెందులకు వచ్చిరి? 1910లో రేలీ మొదలగువారు పిలిచిరనుట సగము సమాధానము. 1883లో కేంద్రప్రభుత్వము చేసిన నియమావళి ఆదివాసుల నృత్యములను, కర్మకాండలను అపరాధములుగా బరిగణించినది. పాఠశాలలలో పిల్లలకు స్వభాషయే నిషిద్ధమైనది. ఇంట నాడరాని యాటను తిరునాళ్లలో నాడవచ్చునన్నచో, దాచిన పూసలకోకలను పెట్టెలనుండి పైకి దీసి, బిడ్డలకు అడుగులు నేర్పుటకు అదియొక చాటు, అదియొక యవకాశము. ప్రేక్షకుడు వినోదమనుకొన్నదానిని ఆడువాడు వ్రతముగా నాచరించెను. నేటికిని క్రీడాప్రాంగణమునకు వెనుక మూడువందలకు మించిన గుడారములతో వారి పల్లె వెలయును. నిడుపైన కొయ్యకంబములను శంకువువలె నిలిపి బట్ట చుట్టిన ఆ గుడారములలో ఒక్కొక్క కుటుంబమున కొక్కొక్క స్థలము తరతరములుగా నిర్ణీతమై యుండుననియు, ఏడాదంతయు దూరదూరముల నుండు బంధువులు ఆ వారమున అచ్చట గలిసికొందురనియు చెప్పుదురు. టిక్కెట్టు కొన్నవాని కొఱకు కాక తమకొఱకే ఆ పల్లె నిలుచుట గమనింపదగినది.

ఇక 1911నాటి కథ. పొగరుగుఱ్ఱమును జీనువేసి స్వారిచేయు పోటీలో తుదివఱకు నిలిచినవారు ముగ్గురు. జాన్ స్పెయిన్ శ్వేతజాతీయుడు. జాక్సన్ సన్‌డౌన్ నెజ్ పెర్స్ అను ఆదివాసి జాతివాడు. జార్జి ఫ్లెచర్ నల్లజాతివాడు. ఫ్లెచర్ కాన్సాస్‌లో బుట్టి, బాల్యముననే పెండిల్టన్ జేరి, ఆదివాసుల పల్లెయందు మెలగుచు వారివద్దనే గుఱ్ఱపుస్వారియందు మెలకువలు గ్రహించినవాడు. అతడు వచ్చిచేరిన రాష్ట్రమెట్టిదో తెలిసిననే గాని ఆ దినపు తీర్పులోని బరువు తెలియదు: నల్లవారు ఆరెగాన్‌లో నివసింపరాదను నిబంధనతోనే ఆ రాష్ట్రపు రాజ్యాంగము 1857లో వ్రాయబడినది, ఆ నిబంధనను తొలగించినది 1926లో. అనగా ఫ్లెచర్ గుఱ్ఱమెక్కిన నాటికి, ఆ చట్టము నాచరణలో బెట్టువారు లేకున్నను, అక్షరములలో నది సజీవముగనే యుండెను.

ఆ దినమున సన్‌డౌన్ గుఱ్ఱము న్యాయనిర్ణేతలలో నొకరి గుఱ్ఱమును ఢీకొనుటచే ఆయన ప్రథమస్థానపు అవకాశమును గోల్పోయెనని చెప్పుదురు. తక్కిన యిరువురిలో ఫ్లెచర్ స్వారి చూపరులను మైమఱపించినది. అతడు గుఱ్ఱముతో పోరాడక, అది యెగిరిన దిక్కునకే తన యొడలిని వదలి, కీలుబొమ్మవలె వ్రేలాడుచు, దానికి తాను భారముకాని తీరున గూర్చుండెనని చూచినవారు చెప్పుకొనిరి. న్యాయనిర్ణేతలు ప్రథమస్థానమును స్పెయిన్‌కిచ్చి, ఫ్లెచర్‌కు ద్వితీయమును, సన్‌డౌన్‌కు తృతీయమును ప్రకటించిరి. జనము ఊరకుండలేదు, కేకలు మిన్నుముట్టెను. అప్పుడు ఆ మండలపు షెరీఫ్ టిల్ టేలర్ చేసిన పని చిత్రమైనది. ఆయన ఫ్లెచర్ టోపీని దీసికొని, దానిని చిన్నచిన్న ముక్కలుగా గోసి, ముక్కల నమ్మి, వచ్చిన ధనమును ఫ్లెచర్ చేతబెట్టెను. నెగ్గినవాని బహుమానము ఒక జీను. ఓడినవాని చేతికి వచ్చినది జనుల తీర్పు. నాటినుండి అతనిని జనము మెచ్చిన విజేతయని చెప్పుకొనుట అచ్చట వాడుకయైనది.

ఈ కథను వినినప్పుడెల్ల టేలర్ గారి యౌదార్యమును మెచ్చుకొని ముగించుట సులభము. అయితే షెరీఫ్ అన్నవాడు శాంతిభద్రతల కధికారి. జనుల కోపమును చందాగా మార్చి, తీర్పును మార్చకయే తీర్పు మారినంత తృప్తిని గలిగించుట అధికారికి దగిన నేర్పు గూడ కావచ్చును. టోపీముక్కను జేబున వేసికొని యింటికి వెళ్లినవాడు న్యాయము జరిగినదని నిద్రపోయియుండును. ఆ పిమ్మట ఫ్లెచర్ బ్రదుకులో పోటీలు కొన్నియే. రంగుకారణమున పలు పోటీలు అతనిని చేరనీయలేదు. మొదటి ప్రపంచయుద్ధమునకు సైనికుడుగా వెళ్లి గాయములతో తిరిగివచ్చి, శేషజీవితమును గుఱ్ఱముల నడుమ పసులమేపు క్షేత్రములందు కూలివానిగ గడపి, 1973లో గతించెను. 1969లో రౌండప్ కీర్తిమందిరమునకు తొలిసారి ఎన్నుకొన్నవారిలో అతని పేరును చేరినది. 2014లో ప్రధానవీథిని అతని కంచువిగ్రహము వెలసినది. నవలాకారుడు కెన్ కీసీ ఆ 1911నాటి పోటీనే కథావస్తువుగా గొని 1994లో ‘లాస్ట్ గో రౌండ్’ అను గ్రంథమును మిత్రునితో గలిసి వెలువరించెను. ఆ యేటి విజేత స్పెయిన్ పేరును నేడు తలచుకొనువారు, ఫ్లెచర్ కథను జెప్పబూని తలచుకొనువారే.

సన్‌డౌన్ సంగతి వేఱు. 1863లో బుట్టిన ఆయన, 1877లో నెజ్ పెర్స్ జాతికిని అమెరికా సైన్యమునకును జరిగిన యుద్ధకాలమున పదునాలుగేండ్ల బాలుడై, పెద్దలతో గూడ పరుగులిడి, కెనడా చేరిన కొలదిమందిలో నొకడు. ప్రసిద్ధనాయకుడు చీఫ్ జోసెఫ్‌కు బంధువు. ఆయన మరల మరల పెండిల్టన్ వచ్చి ఓడిపోయి, ఇక చాలుననుకొన్న దశలో, శిల్పి అలెగ్జాండర్ ఫిమిస్టర్ ప్రాక్టర్ బలవంతపెట్టగా 1916లో మఱొకమారు పోటీకి దిగెను. అప్పటికి వయస్సు 53. పొడవైన జడలను గడ్డము క్రింద ముడివైచి, బొచ్చుతోలు ధరించి గుఱ్ఱమెక్కిన ఆ వృద్ధుని గెలుపును న్యాయనిర్ణేతలు ఈమారు కాదనలేకపోయిరి. ఇక షెరీఫ్ టిల్ టేలర్ 1920లో కారాగారమునుండి పారిపోవువారి తుపాకికి బలియాయెను. 1929లో ఆయనకు అశ్వారూఢవిగ్రహమును జేసినది ఆ ప్రాక్టరే. ఒక యూరు ఒకే శిల్పి ద్వారమున తన నాయకునికిని, తాను చులకన జేసినవానికిని గూడ గౌరవము దెచ్చుట విశేషము.

స్త్రీల కథలో ఇట్టి సవరణకు చాలకాలము పట్టినది. తొలినాళ్లలో స్త్రీలు పొగరుగుఱ్ఱములనెక్కి పురుషులకు దీసిపోక పేరుగాంచిరి. 1929 సెప్టెంబరులో బోనీ మక్‌కారల్ అను ప్రసిద్ధ స్వారికత్తె గుఱ్ఱమునుండి పడి, పాదము రికాబులో చిక్కుకొని, ప్రాంగణమున నీడ్వబడి, కొలదిదినములకు మరణించినది. స్త్రీలకు రికాబులను రెంటిని గుఱ్ఱము పొట్టక్రింద కలిపి కట్టు నియమము క్షేమమునకని ఏర్పడినదే; చిక్కు వచ్చినప్పుడు కాలు విడిపించుకొనుటకు అదియే అడ్డమైనది. కాని నిందను మోసినది ఆ కట్టు కాదు, స్వారిజేయు స్త్రీలు: వారి పొగరుగుఱ్ఱపు పోటీలు అచ్చట ఆగిపోయెను. మగవారు పడి చనిపోయినప్పుడు మగవారి పోటీలు ఆగలేదన్న సంగతిని చెప్పనవసరము లేదు. 2000లో పీపాలచుట్టు గుఱ్ఱమును దిప్పు పందెముతో స్త్రీలు మరల పోటీదారులుగా ప్రాంగణమున అడుగిడిరి.

ఆ ప్రాంగణము సహితము ఒక విశేషమే. సాధారణముగ నిట్టి క్రీడలు మట్టిబయలున జరుగును. పెండిల్టన్‌లో నడిమిభాగమంతయు పచ్చికబయలు. జారుడు హెచ్చు, విశాలము హెచ్చు, కావున పెద్ద పోటీలలో నలిగిన స్వారిగాండ్రకును అది పరీక్షయే. పొగరుగుఱ్ఱపు స్వారికి కాలపరిమితి ఎనిమిది సెకండ్లు. ఒక చేయి మాత్రమే పగ్గమును బట్టవలెను, రెండవ చేయి దేనిని తాకినను పోటీ పోయినట్లే. మార్కులలో సగము మనిషికి, సగము జంతువునకు. చాల గొప్పగ గంతులువైచు గుఱ్ఱము దొరకినవాడే అదృష్టవంతుడు. సాధుజంతువు తగిలినచో కూర్చున్నవాని నేర్పు వ్యర్థము. ఇందు ఎద్దుపై స్వారిచేయు పోటీయందు తెలుగువాడు ఒక్కక్షణము కుర్చీలో ముందుకు వంగును. ఆ యెద్దులలో చాలవాని మూపున మోపురము గనబడును. అమెరికాలో ‘బ్రాహ్మణ్’ అని పిలువబడు ఆ జాతిని భారతదేశమునుండి వెళ్లిన గిర్, కాంక్రేజి, కృష్ణాలోయ జాతులతోపాటు, విదేశములందు నెల్లూరు పేర ప్రసిద్ధికెక్కిన మన ఒంగోలు జాతి రక్తముతో గూడ తయారుచేసిరి. గుండ్లకమ్మ తీరమున నాగలి లాగి, బండలాగుడు పోటీలలో వడియొలికించిన ఆ వంశపు అంశమొకటి, సముద్రములు దాటి, మీదనెక్కినవానిని ఎనిమిది సెకండ్లలో గాలిలోనికి విసరి, గోధుమరైతుల చప్పట్లను పొందుచున్నది!

జంతువుల విషయమున ఆక్షేపణలు చిరకాలముగ గలవు, వానిని తోసివేయరాదు. గంతులకై గుఱ్ఱపు ప్రక్కలకు బిగించు పట్టెను సమర్థించువారు అది నొప్పింపదని, చక్కిలిగింత వంటిదని అందురు, కావచ్చును. కాని పరుగెత్తు కోడెను ఒంటరిగ గుఱ్ఱమెక్కినవాడు త్రాడువైచి, ప్రక్కకు దాటి, నేలకు పడద్రోయు పోటీని పెండిల్టన్ ఇంకను నిలుపుకొన్నది; అనేక స్థలములలో అది లేదు. పసులకు చికిత్స జేయుటకై విశాలమైన మేతబయళ్లలో ఒంటరిగ తిరుగు కాపరికి అది యవసరమైన విద్యయే, ఒప్పుకొందము. పశువైద్యుడు ఫోనుచేసినంతనే వచ్చు ఈ దినములలో అది యవసరమో, ఆచారమో నిర్ణయించుకొనవలసినవారు వారే. మెక్సికో గోపాలకులు నేర్పిన ఆ త్రాటివిద్య, టెక్సాస్ నల్లకాపరి బిల్ పికెట్ ప్రచారమునకు దెచ్చిన కోడెను కొమ్ములుబట్టి పడవేయు విద్య, ఇవన్నియు శ్వేతకౌబాయి టోపీక్రిందికి జేరి, తమ యసలు వంశమును మఱచినవి.

రాత్రులందు ‘హాపీ కాన్యన్’ అను దృశ్యరూపకము జరుగును. 1914లో ఆరంభమైన ఆ ప్రదర్శనము, 1916నుండి ఆదివాసి జీవితఘట్టములను జేర్చుకొన్నది. ఆ భాగమును దీర్చిదిద్దుటలో కాయూస్ వంశీయురాలైన ఆనా మింథార్న్ వన్నాసే పాత్ర ముఖ్యము. ఆదివాసుల పూర్వజీవితము, లూయిస్, క్లార్కు అన్వేషకుల రాక, వలసబండ్లు, కలహములు, సంధి మొదలగు ఘట్టములన్నియు మూకాభినయముతో నడచును. తండ్రి వేసిన వేషమును కొడుకు, అవ్వ వేసిన వేషమును మనుమరాలు వేయుట అచ్చట ఆచారము. ఆదివాసులును, ఊరివారును గూడ తమతమ పాత్రలను ఆస్తివలె సంక్రమింపజేయుదురు. మొదటి సగమునందు మౌనమున కొక గాంభీర్యము గలదు. రెండవ సగమున తెరమారి, అడవి స్థానమున మద్యశాలల వీథి వెలసి, పరుగులు, పడుటలు, పకపకలు సాగును. ఇంతటి చరిత్రను గాంచినపిమ్మట ఆ గంతులు నా రుచికి తేలికయనిపించును. అయినను, భూమి పోయిన కథకును, పట్టణము లేచిన కథకును నడుమ రచయితలు విరామము నీయకుండుట బహుశః వారు తెలియకయే చెప్పిన నిజము.

పెండిల్టన్ పేరు ప్రపంచమునకు తెలిసినది ఉత్సవముకన్నను ఎక్కువగా ఉన్నికంబళ్ల వలన. 1909లో బిషప్ కుటుంబమువారు చేపట్టిన అచ్చటి ఉన్నిమిల్లు, ఆదివాసుల రుచికి దగిన రంగులతోను, రేఖలతోను కంబళ్లను నేసి వారికే విక్రయింపసాగెను. ఇది వర్తకనీతి, కాని ఆ కంబళ్లను వారు తమ పెండ్లిండ్లలో కట్నములుగ, పెద్దలకు సన్మానముగ, మృతులకు తుదివస్త్రముగ స్వీకరించి తమవిగా జేసికొనిరి. జీనులు చేయు హామ్లీ దుకాణము 1905లో ఆ యూరు చేరినది. తరతరముల కాపరులు, స్వారిగాండ్రు దాని జీనులనే గౌరవచిహ్నముగ నెంచిరి. ఆ దుకాణమును పిమ్మట కొన్నది ఉమటిల్లా జాతుల సమష్టియే. వారి కాసినో, హోటళ్లు ఆ ప్రాంతమునకు పెద్ద జీవనాధారములు. 1998లో నెలకొల్పిన తమాస్ట్‌స్లిక్ట్ సాంస్కృతికకేంద్రమున సంధికథను వారే తమ నోట చెప్పుచున్నారు. సెప్టెంబరు వచ్చునప్పటికి జీను కొనదలచిన గోధుమరైతు, ఆ జీనుతో ఊరేగింపున గూడుబండి పక్కన నడువదలచిన వలసదారుల మునిమనుమడు, బేరమాడవలసినది వారితోనే. అచ్చట ధరలు తక్కువేమియు గావు.